మార్టూరు కంప్యూటరుకు తేలిక డెస్క్‌టాప్

2006 జూన్‌లో నన్ను మా పత్రిక గుంటూరు ఎడిషన్ డెస్కు నుంచి తప్పించి, వార్తా కేంద్రాల కంప్యూటర్ల బాధ్యత అప్పగించారు. హోదా మాత్రం సీనియర్ సబ్ ఎడిటరే. చుట్టుపక్కల విలేకరులు రాసిచ్చినవి టైపు చేసి, ఫోను లైను మీద ఎడిషన్‌కు పంపే గదిని వార్తా కేంద్రం అనేవాళ్లం.

మార్టూరు కేంద్రంలోని కంప్యూటరు ఎనిమిదేళ్ల నాటిది. ర్యామ్ అరవై నాలుగు ఎంబీ. వైరస్‌ల బాధ పడలేక అప్పటికే అందులో విండోస్ తీసేసి లినక్స్ వేశారు. దాని డెస్క్‌టాప్, అంటే తెరమీద కనిపించే కిటికీలూ బొమ్మలూ, ఆ పాత యంత్రానికి మోయలేని బరువు. ఫొటో తెరిస్తే టైపింగు ఆగిపోయేది. కొత్త కంప్యూటరు ఇవ్వబోమనీ, సాయంత్రం ఆరుకల్లా వార్తలు అందకపోతే నెలాఖరుకు ఆ కేంద్రాన్ని చీరాలలో కలిపేస్తామనీ మేనేజరు చెప్పారు. అదే జరిగితే పదకొండేళ్లుగా అక్కడ ఇన్‌ఛార్జిగా ఉన్న మస్తాన్‌కు ఉద్యోగం ఉండదు.

నేను ఆ కేంద్రాన్ని వదిలిపెట్టదలచుకోలేదు. మార్టూరు వెళ్లి మూడు రకాల డెస్క్‌టాప్‌లు వేసి, ఒక్కోదానిలో వార్త టైపు చేసి, ఫొటో తెరిచి, మోడెం కలిపి, గడియారం పెట్టుకుని చూశాను. అన్నిటికంటే తేలికైన ఐస్‌డబ్ల్యూఎం నెగ్గింది. అదే ఉంచి గుంటూరు వచ్చేశాను.

మర్నాడు ఆరు దాటినా మార్టూరు నుంచి ఒక్క వార్తా రాలేదు. ఫోను చేస్తే, టైపు చేసినవన్నీ మాయమవుతున్నాయనీ, మూడోసారి కొడుతున్నాననీ మస్తాన్ అన్నారు.

పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. వార్తలన్నీ హార్డ్ డిస్కులో భద్రంగానే ఉన్నాయి, మూడేసి ప్రతులు. తెర మాత్రం ఖాళీ.

“బరువు తగ్గించమంటే బట్టలిప్పి నిలబెట్టారు సార్ దీన్ని,” అన్నారు మస్తాన్.

చేత్తో రాసే రోజుల్లో ఆయన పంపాల్సిన కాగితాలను బల్లకు కుడివైపు గ్రానైట్ పలక కింద ఉంచేవారు. పంపినవి ఎడమవైపు తీగకు గుచ్చేవారు. కంప్యూటరు వచ్చాక తెరమీదా అదే పద్ధతి. పంపాల్సిన ఫైలు కుడివైపు, పంపింది ఎడమవైపు. నేనెంచిన డెస్క్‌టాప్ తెరమీద ఫైళ్లను చూపించదు. నా పరీక్షలో ఆ ఊసే లేదు.

డెస్క్‌టాప్ మార్చలేదు. తెరమీద ఫైళ్లు చూపే చిన్న ప్రోగ్రామొకటి దానికి జతచేసి, మళ్లీ గడియారం పెట్టి చూశాను. వేగం పెద్దగా తగ్గలేదు. ఆ సాయంత్రం ఆరుకు ఇరవై నిమిషాల ముందే మార్టూరు వార్తలన్నీ అందాయి. నెలాఖరు దాకా ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. కేంద్రాన్ని కలిపే మాట మేనేజరు మళ్లీ ఎత్తలేదు.

యంత్రం ఎంత మోయగలదో గడియారంతో కొలవవచ్చు. దానిమీద పనిచేసే మనిషికి ఏది లేకపోతే చెయ్యి ఆడదో గడియారం చెప్పదు. తర్వాత ఏ కేంద్రానికి వెళ్లినా, కంప్యూటరు ముట్టుకునే ముందు అక్కడి ఇన్‌ఛార్జి వెనక కుర్చీ వేసుకుని ఒక పూట కూర్చునేవాణ్ని.