సంచిల పౌడర్ డబ్బా

ఆపదకని సర్ది పెట్టుకున్న సంచిల పౌడర్ డబ్బా ఎందుకని మా గల్లీల నన్ను అడగనోళ్లు లేరు. అందరికన్న ఎక్కువ నవ్వింది మా ఇంటాయనే. "ప్రళయమొస్తే మా ఆమె సోకు చేసుకొని బయలెల్తది" అని జోగిపేటల ఉన్న మా ఆడబిడ్డకు ఫోన్ చేసి మరీ చెప్పిండు. నాకు అసలే కోపం ముక్కు మీదుంటది. ఆ పూట ఆయనకు చాయ్ పోయలే.

మేముండేది పటాన్‌చెరుల, ఫ్యాక్టరీల ఎనుక గల్లీల. నేను మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్త. అక్కడ అప్పుడప్పుడు ఉత్తగనే సైరన్ కొట్టి, ప్రమాదమొస్తే ఏం చెయ్యాల్నో నేర్పిస్తరు. సైరన్ మోగంగనే ఉరుకొద్దు. ముందుగాల తలెత్తి బిల్డింగు మీద కట్టిన నారింజ రంగు గుడ్డ గొట్టాన్ని సూడాలె. అది ఎటు ఊగితే గాలి అటు పోతున్నట్టు. గ్యాస్ కూడ అటే పోతది. మనం దానికి అడ్డంగ నడువాలె.

మరి ఇంటి మీద గొట్టం ఎవరు కడ్తరు? పొగ ఎటు పోతదో సూడొచ్చని మొదలు సంచిల అగరొత్తులు, అగ్గిపెట్టె పెట్టిన. గొప్పగ పోయి మా సేఫ్టీ సారుకు చెప్పిన. ఆయన నెత్తి పట్టుకున్నడు. "గ్యాస్ లీకైతే అగ్గిపుల్ల గీస్తవా అమ్మా? నీ ఫోటో ముందల ముట్టియ్యాల్సొస్తది ఆ అగరొత్తులు." మస్తు సిగ్గయింది. ఇంటికొచ్చి అవి తీసేసి, మా అత్తమ్మ పౌడర్ డబ్బా పెట్టిన. చిటికెడు వదిలితే చాలు, గాలి సంగతి తెలుస్తది.

ఇగ ఆ డబ్బా మీద ఇంట్ల రోజూ లొల్లే. మా అత్తమ్మకు దమ్ము ఉన్నది, పది అడుగులేస్తే ఆయాసమొస్తది. అయినా మొఖానికి పౌడర్ లేనిది గడప దాటదు. "నీ పిచ్చి సంచికి నా డబ్బానే దొరికిందా" అని తీస్కపోతది. నేను మళ్ల పెడ్త. కొత్తది కొనొచ్చు కద అంటరేమో. కొన్న. అది కూడ ఆమెనే తీసుకున్నది. చెప్పులు జారుతయని ఆమె కోసం సంచిల కాన్వాసు బూట్లు పెడితే, "నన్ను పరుగు పందానికి పంపుతున్నవా" అని రెండు రోజులు మాట్లాడలే.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటాయన సంగారెడ్డికి పెండ్లికి పోయిండు. అన్నం తిని గిన్నెలు తోముతున్న. గొంతుల గీరుకపోయే ఘాటు వాసన వచ్చింది. బయట అరుపులు. ఏదో ఫ్యాక్టరీల గ్యాస్ లీకైందట. ఆటోలు దొరుకుతయని జనమంత మెయిన్ రోడ్డు దిక్కు ఉరుకుతున్నరు. మా అత్తమ్మకు అప్పటికే దగ్గు మొదలైంది.

ఈమెకు ఏమన్నా అయితే ఎట్ల అని సంచి గుంజుకున్న. ఆమెకు బూట్లు తొడిగిన, తనే కాలు ముందలికి పెట్టింది. తడి తువ్వాల మూతికి కట్టిన. ఆమెను జెర ఎనుకకు నిలబెట్టి, గడప ముందల చిటికెడు పౌడర్ వదిలిన. అది తిన్నగ మెయిన్ రోడ్డు దిక్కే పోయింది. లారీలు నిలిపే అడ్డ దానికి అడ్డంగ, పక్క దిక్కున్నది.

సంచిలకెల్లి విజిల్ తీసి గల్లీ అదిరేటట్టు ఊదిన. "అటు పోకుండ్రి, గాలి అటే పోతున్నది. లారీల అడ్డకు నడువుండ్రి."

పై రూముల కిరాయికుండే బీహార్ ఆమె ఆగింది. "దీదీ, రోడ్ ఉధర్ హై" అని మెయిన్ రోడ్డు దిక్కు చెయ్యి సూపిచ్చింది.

"రోడ్డు ఎటన్న ఉండనియ్యి, నువ్వు నా ఎనుక రా."

ఆమె వచ్చింది. ఆమెను సూసి ఇంకో నాలుగిండ్లోళ్లు మా దిక్కు మర్రిన్రు. సగం దూరం పోయినంక మా అత్తమ్మ ఒక అరుగు మీద కూలబడ్డది. "నాతోని కాదు బిడ్డా, నువ్వు పో."

"గిట్ల కూసుంటే నీ కొడుక్కు నేనేం జవాబు చెప్పాలె? లే." గట్టిగనే అన్న. ఏడుపొస్తుంటే కోపం చేసుకునుడే నాకు తెలుసు. ఇన్‌హేలర్ సంచిలకెల్లి తీసి పీల్పించి, ఒకదిక్కు నేను, ఒకదిక్కు బీహార్ ఆమె పట్టుకొని నడిపించినం.

లారీల అడ్డల గాలి మంచిగుంది. మళ్ల చిటికెడు వదిలి సూసిన. మాకు దూరంగనే పోతున్నది. మా అత్తమ్మ పాత టైరు మీద కూసున్నది. మెల్లమెల్లగ ఆమె దమ్ము కుదుటపడ్డది. రోడ్డు దిక్కు పోయినోళ్లు కండ్లు ఎర్రగ చేసుకొని, దగ్గుకుంట ఒక్కొక్కరే మా దగ్గరికొచ్చిన్రు. గెలిచిన అనిపించింది. ఎందుకు దాచుకోవాలె, మస్తు గర్వమనిపించింది.

పొద్దుగూకంగ మా ఇంటాయన ఉరుక్కుంట వచ్చిండు. నేను నోరు తెరువకముందే మా అత్తమ్మ అందుకున్నది. "నవ్వినవ్ కదరా. నా కోడలు లేకపోతే నేను లేను ఈపాటికి."

పదకొండేండ్ల కాపురంల ఆమె నోట 'నా కోడలు' అన్న మాట నేను వినుడు అదే మొదలు.

తర్వాత నా చేతులకెల్లి పౌడర్ డబ్బా తీసుకున్నది. ఇగ కొంగుల దాసుకుంటదనుకున్న. మూత గట్టిగ తిప్పి, సంచిల పెట్టి, జిప్ గుంజింది.

"ఇది సంచిలనే ఉండనియ్యి" అన్నది, "మొఖానికి ఇంకోటి తెప్పిచ్చుకుంట."