అక్క చూసిన నల్లచార

మా పెడనలో ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను చూపించి, "వాళ్ల బావని కాపాడింది ఈయనేనండీ, ముందే పసిగట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు" అంటుంటారు. తీసుకెళ్లింది నేనే. పసిగట్టింది మాత్రం మా అక్క. ఆవిడ మాటను ఏడాది పాటు నవ్వులాటకింద తీసిపారేసింది నేను. ఈ సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

బావా నేనూ ఒకే షెడ్డులో కలంకారీ అద్దకం చేస్తాం. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన రంగుతో అచ్చు వేస్తే నలుపు తేలుతుంది. ఆ నలుపు మా వేళ్లకూ పడుతుంది. పెళ్లి భోజనాల్లో మా చేతులు చూసే "పెడన నుంచా అండీ?" అని అడుగుతారు. అందుకే బావ కుడి బొటనవేలి గోటిలో నల్లచార ఒకటి కనిపిస్తే షెడ్డులో ఎవరమూ పట్టించుకోలేదు.

వానలు పడితే గుడ్డ ఆరదు, పని ఆగిపోతుంది. ఆ ఏడు ముసురు విడవకుండా పట్టింది. ఓ మధ్యాహ్నం నేను వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే, అన్నం కలపబోతున్న బావ చెయ్యి అక్క పట్టుకుని ఆపింది.

"తమ్ముడూ, ఇటు చూడు. అన్ని గోళ్లూ తెల్లబడ్డాయి. ఇదొక్కటే ఎందుకు పోలేదు?"

"పాత రంగక్కా. నిమ్మచెక్కతో రుద్దు."

"రుద్దాను. రంగైతే గోరు పెరిగేకొద్దీ ముందుకి జరిగి కత్తిరింపులో పోవాలిగా? ఇది మొదట్నుంచే వస్తోంది."

"అది కూడా పోతే బావని బ్యాంకు మేనేజరనుకుంటారే!"

బావ పగలబడి నవ్వాడు. "ముందు నన్ను తిననివ్వవే తల్లీ, పరీక్షలు తర్వాత."

అక్క నవ్వలేదు. చెయ్యి వదిలేసింది. వానలు తగ్గాక మళ్లీ అందరి వేళ్లూ నల్లబడ్డాయి, ఆ చార వాటిలో కలిసిపోయింది.

మరుసటి వానాకాలానికి చార వెడల్పయింది. గోటి మొదట్లో చర్మం మీదికి కూడా నలుపు పాకింది. ఈసారి అక్క నా అభిప్రాయం అడగలేదు. "రేపు బందరు వెళ్తున్నాం. బండి తీస్తావా, మమ్మల్ని బస్సెక్కమంటావా?" అంది.

బందరులో చర్మవ్యాధుల డాక్టరమ్మగారు చూసి, గోటి కింద చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక ఆవిడే మెల్లగా చెప్పారు. దాని పేరు మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. కొన్ని రకాలు పుట్టుమచ్చలా పలచగా పాకుతాయట, కొన్ని గడ్డలా పైకి లేస్తాయట. మన వాళ్లలో ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుందట.

"మా రంగు వల్లేనా అండీ?" అన్నాడు బావ.

"అలా చెప్పలేమండీ. తెల్లతోలు వాళ్లకి ఎండ ఒక ముఖ్య కారణం. గోటి కింద వచ్చేదానికి కారణం ఇదని ఇంకా తేలలేదు. మీ రంగు చేసిందల్లా దీన్ని దాచిపెట్టడమే."

ఆ మాట నాకు తగిలింది. దాచిపెట్టింది రంగొక్కటే కాదు.

లోతుకి దిగకముందే దొరికింది. బొటనవేలు పై కణుపు వరకు తీసేశారు. చంకలోని లింఫు గ్రంథులకు పాకలేదని తేలింది. ఇంటికొచ్చాక అక్కతో, "నీ మాట అప్పుడే వినాల్సింది" అన్నాను. "విననిది నువ్వొక్కడివేనా? ఈయన కూడా పళ్లికిలించాడుగా" అంది. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ బరువు.

బావ ఇప్పుడు అచ్చును మిగతా వేళ్లతో పట్టుకుంటాడు. మొదట్లో గీతలు కాస్త పక్కకెళ్లేవి, ఇప్పుడు నా అద్దకం కన్నా శుభ్రంగా పడుతున్నాయి. డాక్టరుగారు చెప్పినప్పుడల్లా బందరు వెళ్లి చూపించుకొస్తాడు.

వానలకు షెడ్డు మూసి చేతులు తెల్లబడ్డాక అక్క టీ ఇచ్చి అందర్నీ అరుగు మీద కూర్చోబెడుతుంది. గోళ్లు, అరచేతులు, అరికాళ్లు చూస్తుంది. పెరుగుతున్న మచ్చా, అంచులు వంకరపోయిన మచ్చా, రంగు మారేదీ, మానని పుండూ ఉన్నాయేమోనని అడుగుతుంది. షెడ్డు కుర్రాళ్లు కితకితలంటూ గోల పెడతారు. "చూపించండి, పెళ్లిచూపులేగా!" అని బావని ఆటపట్టిస్తారు.

వరసలో మొదట నేనే కూర్చుంటాను. అడక్కుండానే కాళ్లు చాపుతాను.