సీసాలో పుట్టిన సరస్వతి మొక్క ఎండకు తట్టుకుందా?

రామచంద్రపురం దగ్గర ఒక ఊళ్లో ఉంటారు సుజనమ్మ గారు, రిటైరైన టీచర్. చర్చికి వచ్చే ఆడవాళ్లతో కలిసి కాలవగట్ల మీద సరస్వతి ఆకు కోసి, ఎండబెట్టి, ఒక మందుల తయారీదారుకు అమ్ముతారు. గట్ల మీద ఆ మొక్క ఏటికేడాది పలచబడుతోంది. అందుకని రాజమండ్రిలోని మా ప్రయోగశాలలో సీసాల్లో పెంచిన మొక్కలను కిందటి వర్షాకాలంలో ఆవిడ కొబ్బరితోటలో నాటాం. తీరా కొనేవాళ్లు, సీసా మొక్కలు బలహీనం, ఆ ఆకు వద్దన్నారు. అది నిజమో కాదో చూద్దామని బయల్దేరాను. పరిశోధన కోసం ఆకులు సేకరించబోయే విద్యార్థులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఉదయం ఆరింటికి ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెతో బస్సెక్కాను. ద్వారపూడి, మండపేట మీదుగా రామచంద్రపురం చేరేసరికి ఎనిమిది కావొచ్చింది. టికెట్టు వంద లోపే. ఊళ్లోకి ఆటో దొరుకుతుంది.

సుజనమ్మ గారు టీ ఇచ్చి తోటలోకి తీసుకెళ్లారు. నాటిన కొత్తలో వాడిపోతుంటే కొబ్బరిమట్టలు కప్పి, కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేశారట.

"ఇంతకీ ఆకులో ఏం చూస్తారండి?" అన్నారు.

"ఎండ ఎక్కువైతే ఆకును పాడుచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ అందులో పేరుకుంటుందండి. దాన్ని విడగొట్టే కాటలేజ్ అనే ఎంజైము ఆకులోనే ఉంటుంది. సీసాలో నీడపట్టున ఉన్న మొక్కకి దాని అవసరం తక్కువ. బయటికొచ్చాక పెంచుకుందో లేదో చూడాలి."

"పెంచుకోకపోతే?"

"వాళ్లన్నది నిజమేనని ఒప్పుకోవాలండి."

ఆవిడ ఆకులు కోయడానికి కూర్చున్నారు. గట్టు మీద మొక్కల నుంచి కూడా కోసి, విడివిడిగా పొట్లాలు కట్టి ఐసులో పెట్టాం.

తిరుగు ప్రయాణంలో మండపేట దాటాక బస్సు పాడైంది. ఇంకో బస్సు వచ్చేలోపు ఐసు కరిగిపోసాగింది. ఆకు వేడెక్కితే ఎంజైము దెబ్బతింటుంది, కొలతకు అర్థం ఉండదు. నేను మాటిమాటికీ మూత తీసి చూడటం పక్కనే చేపల టబ్బుతో ఉన్నావిడ గమనించింది.

"ఏం చేపలండి?"

"ఆకులమ్మా."

"ఆకులకి ఐసేంటండి?" అని నవ్వుతూనే, తన టబ్బులోంచి ఒక కవరు నిండా ఐసు తీసి ఇచ్చింది. కవరు ముడివేసి పొట్లాల మధ్య పెట్టాను.

ల్యాబ్‌కు చేరగానే ఆకులు నూరి, రసం తీసి కొలిచాను. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాను. కాటలేజ్ చురుకుదనం తోట మొక్కల్లోనూ గట్టు మొక్కల్లోనూ దాదాపు సమానంగా ఉంది. ఇంకా సీసాల్లోనే ఉన్నవాటిలో మాత్రం బాగా తక్కువ. వెంటనే సుజనమ్మ గారికి ఫోన్ చేశాను.

"ఇది ఒక్కరోజు కొలతేనండి, ఇంకా చూడాలి. మందు గుణానికి వేరే పరీక్ష ఉంది. కానీ మన మొక్కలు బలహీనం మాత్రం కాదు."

"అయితే ఈ నెల తోట ఆకే కోసి, గట్టు మీద కొయ్యొద్దని మావాళ్లకి చెప్తానండి. వాటినీ కాస్త ఎదగనిద్దాం," అన్నారావిడ.

ఇన్నాళ్లూ సీసాలకు ఎండ తగలకుండా చూడటమే మొక్కను కాపాడటం అనుకున్నాను. తోటలో అవి నేలంతా పాకి ఉండటం చూశాక, వాటిని త్వరగా బయటికి పంపాలన్న తొందర పుట్టింది. మీరూ ఇలా పోల్చి చూడాలనుకుంటే, రెండుచోట్లా ఒకే వయసు ఆకులను ఒకే పూట కోయండి. లేత ఆకునీ ముదురాకునీ పోలిస్తే, తేడా మొక్కదో వయసుదో తెలియదు.