అంతరిక్ష నౌకకు నిమ్మకాయ

శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే క్యాబ్‌లో, అద్దానికి ప్లాస్టిక్ అంతరిక్ష నౌక వేలాడుతోంది. దాని కింద నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టి ఉన్నాయి. చూడగానే నాకు ఒళ్లు మండింది.

చిన్నప్పుడు మా ఊరు పాల్మాకులలో అక్క కిరాయికి తెచ్చిన నవలలో, అచ్చం ఇలాంటి నౌకే గ్రహాల యుద్ధంలో కూలిపోయింది. మా బాపు ట్రాక్టర్‌కే నిమ్మకాయ కడతాడు, అంత పెద్ద నౌకకు ఎవరూ కట్టరా అని మండిపడి, అట్ట మీది బొమ్మకు పెన్నుతో నిమ్మకాయ గీసి నేనే కట్టాను.

"కిరాయి బుక్కు గిట్ల ఖరాబ్ చేస్తవా?" అంటూ అక్క నా చెంప పగలగొట్టింది.

ఇప్పుడు పక్కనే కూర్చున్న అక్కకు వినపడేలా డ్రైవర్‌ను అడిగాను: "దీనికి నిమ్మకాయ ఎందుకన్నా?"

"సినిమాలల్ల చూస్తలేమా అక్కా? కట్టకుంటే కూలిపోతయి!" అన్నాడు డ్రైవర్ నాతో.

అక్క పకపకా నవ్వింది. ఇన్నేళ్లయినా నా చెంప సంగతి మాత్రం ఎత్తదు!