మా రాజా, వాళ్ళ పెప్పర్

ఈ ఉదయం నడకకు వెళ్ళినప్పుడు, ఎదురుగా వస్తున్న మన తెలుగు కుర్రాడొకడు నా వెనకాల ఇంకెవరిదో కుక్క వస్తోందని గమనించగానే తన కుక్కను రెండు చేతులా పట్టుకుని పక్కనున్న గడ్డిలోకి లాక్కుపోయి, "సారీ ఆంటీ, మావాడికి వేరే మగ డాగ్స్‌తో అస్సలు పడదు," అన్నాడు. పరవాలేదని నవ్వి ముందుకు నడిచాను గానీ, నా మనసు మాత్రం అక్కడే నిలబడిపోయింది. పడదు అని ఎంత సులువుగా అనేస్తాం, ఒకప్పుడు మేమూ అలాగే అన్నాం కదా అనుకుంటూ ఇంటికి వచ్చి కాఫీ కలుపుకుని కూర్చున్నాను.

నేను న్యూజెర్సీలో పిస్కాటవే దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పాతికేళ్ళు సూక్ష్మజీవులను పెంచి, చంపి, లెక్కపెట్టి రిటైరైనదాన్ని. ఏది కనిపించినా నోటుబుక్కులో రాసుకోవడం ఆ ఉద్యోగం అంటగట్టిన జబ్బు. మా ఇంటికి రాజా అనే మగకుక్క వచ్చాక ఆ జబ్బు ముదిరింది. వాడు నల్లటి లాబ్రడార్ కలగలుపు, చూడడానికి ఎలుగుబంటి పిల్లలా ఉండేవాడు. పక్కింటి ఆడకుక్క కనిపిస్తే ఒళ్ళంతా ఊపుకుంటూ వెళ్ళేవాడు, పిల్లకుక్కలు చెవులు పీకినా ఓర్చుకునేవాడు, ఎదురింటి ముసలి మగకుక్కతో ఒకరినొకరు చూడనట్టే నటించే పెద్దమనుషుల ఒప్పందం ఒకటి కుదుర్చుకున్నాడు. ఈడూ జోడూ సరిపోయే మగకుక్క ఎదురైతే మాత్రం కాళ్ళు బిగుసుకుపోయేవి, తోక నిటారుగా లేచేది, మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం కదా, ఇంకా ఈ పౌరుషమేమిటని మా ఆయన ఆశ్చర్యపోయేవారు. నేను మాత్రం తేదీలు వేసి, ఎదురైన కుక్క ఎంత దూరంలో ఉంటే ఏం జరిగిందో రాసుకుంటూ పోయాను.

అలా ఉండగా 2009లో మా మరిదికి, అంటే మా చెల్లెలి భర్తకు, ఉద్యోగం పోయింది. ఇల్లు వదిలి మాకు దగ్గర్లోనే ఒక అపార్ట్‌మెంటుకు మారవలసి వచ్చింది, అక్కడ కుక్కలను రానివ్వరు. వాళ్ళకు పెప్పర్ అనే గోధుమరంగు మగకుక్క ఉండేది, రాజా ఈడువాడే. చెల్లెలికి ఒక్కతే కూతురు, అప్పటికి పదేళ్ళది. అన్నదమ్ముల్లేని ఆ పిల్లకు అన్నీ పెప్పరే. మేము ఉంచుకోకపోతే వాడిని దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్‌లో అప్పగించాలి. ఈ సంగతి చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది గానీ మరిది నోరు విప్పలేదు. తోడల్లుళ్ళ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా. మావారికీ ఆయనకూ పదిహేనేళ్ళుగా పండగలకూ పుట్టినరోజులకూ "బాగున్నారా", "బాగున్నాం" తప్ప మరో మాట ఎరగను. ఎవరి కారు పెద్దది, ఎవరి పెరట్లో టమాటాలు ముందు పండాయి అన్న పోటీ మాత్రం మాటల్లేకుండానే నడిచేది. అలాంటి మనిషి ఉద్యోగం పోయి, కుక్కనూ పిల్లనూ వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మావారి మంచితనమే కొంప ముంచింది. ఇంటికి ఎవరు వచ్చినా తినిపించకుండా పంపే వంశం కాదు ఆయనది. చుట్టం చుట్టమే, రెండు కాళ్ళయితేనేం నాలుగు కాళ్ళయితేనేం అని, రాజాను వెంటబెట్టుకుని గుమ్మం దాకా ఎదురెళ్ళి, ముఖానికి ముఖం పెట్టించి స్వాగతం పలికించారు. రెండూ గుర్రుమన్నాయి. కొత్త కదా, తింటే సర్దుకుంటాయని, రాజా తినే స్టీలు గిన్నెలోనే పెరుగన్నం కలిపి, ముందు పెప్పర్‌కు పెట్టి, వాడు మొహం తిప్పుకుంటే పక్కన కూర్చుని "తిను నాన్నా, మొహమాటపడకు," అంటూ కొసరి కొసరి తినిపించబోయారు. రాజా పక్కన నిలబడి చూశాడు, చూసినంతసేపు చూశాడు. ఆ తర్వాత పెరుగన్నం గోడలకు పట్టింది, మావారు మధ్యలో చెయ్యి పెట్టారు, ఆ చేతికి మూడు కుట్లు పడ్డాయి. ఎవరి పళ్ళు తగిలాయో ఈనాటికీ తేలలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మరిది మొహం పాలిపోయి ఉంది. "రేపే షెల్టర్‌కి డ్రైవ్ చేసి ఇచ్చేస్తాను వదినా, మీకెందుకీ హెడేక్," అన్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మావారు కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ సణిగారు. పిల్ల మాత్రం ఏడవలేదు. పెప్పర్‌ను పొదువుకుని గరాజ్‌లో నేలమీద కూర్చుంది. నేను వెళితే తలెత్తి, "పెద్దమ్మా, హీ ఈజ్ నాట్ బ్యాడ్, వాడికి భయం వేసింది అంతే," అంది. నేను వెనక్కు ఇంట్లోకి వచ్చాను. నాకు మూడు వారాలు టైమివ్వండి, అప్పటికీ కుదరకపోతే మీ ఇష్టమని అందరిముందూ అనేశాను. ఎలా కుదురుస్తానో నాకే తెలియదు.

మర్నాడు నోటుబుక్కు పట్టుకుని జంతువుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ నా రాతలన్నీ ఓపికగా చూసి, ముందు రోజు జరిగింది పూసగుచ్చినట్టు చెప్పించుకుని, గిన్నె సంగతి దగ్గర మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. మీరు పెప్పర్‌ను చుట్టంలా చూశారు, రాజాకు వాడు ఇల్లు ఆక్రమించడానికి వచ్చినవాడిలా కనిపించాడు అంది. మగకుక్కలన్నీ ఒకదానితో ఒకటి పడనివేమీ కావట, చాలా గొడవలు తిండి దగ్గరా, ఇరుకు గుమ్మాల దగ్గరా, ముఖాముఖీ ఎదురుపడ్డప్పుడూ వస్తాయట. వేరే గదుల్లో వేరే గిన్నెలు పెట్టమంది, బొమ్మలన్నీ తీసేయమంది, రోజూ ఇద్దరు మనుషులు చెరొక కుక్కను పట్టుకుని రోడ్డుకు అటొకరూ ఇటొకరూ ఒకే దిక్కుకు నడవాలంది. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన, రోజు రోజుకూ కాస్త దగ్గరగా.

ఆ ఇద్దరు మనుషులు ఎవరన్నదే చిక్కు. నాకు అప్పట్లో మోకాళ్ళ నొప్పులు, చెల్లెలికి ఉద్యోగం. కాబట్టి సాయంత్రం అయిదింటికల్లా రాజాతో మావారు ఈ పేవ్‌మెంటు మీదా, పెప్పర్‌తో మా మరిది ఆ పేవ్‌మెంటు మీదా బయలుదేరేవారు. నేను కిటికీలోంచి చూస్తూ రాసుకునేదాన్ని. మొదటి నాలుగు రోజులు నలుగురూ మూగనోమే పట్టారు. అయిదో రోజున మావారు రోడ్డు ఇవతలి నుంచి, "ఇంటర్వ్యూ ఏమైందోయ్?" అని అరిచారు. అవతలి నుంచి మరిది, "రెండో రౌండ్‌లో పోయింది అన్నయ్యగారూ!" అని అంతకంటే గట్టిగా అరిచారు. వీధి వీధంతా విన్నది. ఆ మనిషి మావారిని అన్నయ్యగారూ అనగా వినడం నాకు అదే మొదలు.

ఇక అక్కణ్ణుంచి వాళ్ళ మాటలు రోడ్డు దాటడం మొదలుపెట్టాయి, కుక్కలూ దాటాయి. పదహారో రోజున పెరట్లో తాళ్ళు వదులుగా పట్టుకుని నిలబడితే, రాజా పెప్పర్ వెనక్కు వెళ్ళి వాసన చూశాడు, పెప్పర్ కదలకుండా చూడనిచ్చాడు. నా చేతిలో కలం ఆగిపోయింది. అప్పుడు రాజా ముందుకాళ్ళు చాపి, నడుము పైకెత్తి, సాష్టాంగం సగంలో మర్చిపోయినవాడిలా నిలబడ్డాడు. ఆటకు పిలుపది. మరుక్షణం రెండూ పెరడంతా చక్కర్లు కొడుతూ నా పుదీనా మడిని సర్వనాశనం చేశాయి, తోడల్లుళ్ళిద్దరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. పిల్ల నా నడుము పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

పెప్పర్ మా ఇంట్లోనే ఏడాదిన్నర గడిపాక మరిదికి ఉద్యోగం వచ్చింది, పెరడున్న ఇల్లు తీసుకున్నారు, పెప్పర్‌ను తీసుకెళ్ళడానికి వచ్చారు. కారు దాకా తీసుకెళ్ళిన పిల్ల వెనక్కు తిరిగి చూసింది. రాజా డ్రైవ్‌వేలో నిలబడి ఉన్నాడు, అరవలేదు, కదలలేదు. పెప్పర్ ఒక కాలు కారులో పెట్టి వాడికేసే చూస్తున్నాడు. పిల్ల తాడు తెచ్చి నా చేతిలో పెట్టి, "పెద్దమ్మా, వాణ్ణి ఇక్కడే ఉంచుకో, నేనే వస్తూ ఉంటాను," అంది. ఏ కుక్క కోసం తల్లడిల్లిపోయిందో ఆ కుక్కనే పన్నెండేళ్ళ పిల్ల అలా వదులుకోవడం చూసి పెద్దవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. అన్నట్టుగానే ప్రతి శనివారం వచ్చేది, దానితో తల్లీ తండ్రీ వచ్చేవారు, ముందుగా ఫోన్ చేయడమన్నదే లేదు.

రాజా 2014లో పోయాడు, మరుసటి ఏడాది పెప్పర్ కూడా పోయాడు. మరిదివాళ్ళు టెక్సాస్ వెళ్ళిపోయారు. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు, పండగలకు తోడల్లుళ్ళు వీడియో కాల్ చేసుకుంటారు, "బాగున్నారా" అంటే "బాగున్నాం" అంటారు, ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ మా అక్కచెల్లెళ్ళకిచ్చేస్తారు. మొన్న కాల్ అయిపోయాక మావారు బూట్లు వేసుకుని సాయంత్రం అయిదింటికి ఒక్కరే నడకకు వెళ్ళారు. నేను కిటికీలోంచి చూశాను. ఇవతలి పేవ్‌మెంటు మీదే నడుస్తున్నారు, అవతలి పేవ్‌మెంటు మీద ఎవరూ లేరు.