బల్లికిచ్చిన మర్యాద

ఈ ఉదయం కోంటాలోని మా ఇంటి గోడ మీద బల్లి "చ్చ్" అంది. చిన్నాయన, చిన్నమ్మ, నేను ముగ్గురం ఒక్కసారే తాత ఖాళీ మంచం వైపు చూశాం. ఇరవై రెండేళ్లకే జ్ఞాపకాలు రాయడం కాస్త తొందరే. కానీ నాకు ఇంతవరకు దొరికిన దిగ్భ్రాంతి ఇదొక్కటే, దాచుకుంటే పాడవుతుంది.

పక్షవాతం వచ్చాక తాత నోట మిగిలింది ఆ చప్పుడే. అన్నం పెట్టినా చ్చ్, దుప్పటి కప్పినా చ్చ్. మాటతోపాటు మనసూ పోయిందని తేల్చేశాం. అదే చప్పుడు బల్లి చేస్తే మాత్రం చిన్నమ్మ నేల మీద వేలితో కొట్టి "సత్తెం" అనేది. ఇంటి పెద్దకు లేని మర్యాద బల్లికి ఉండేది. ఏడాది చూసి చిన్నాయన, "ఆయనకు ఇల్లేదో అడవేదో ఎరుకలేదు" అంటూ తాతను భద్రాచలంలో చుట్టాలింట దింపి రావడానికి బండి కట్టించాడు.

ఆ పొద్దున మా అరుగు మీద ఒక తెలుగు పంతులు దిగి ఉన్నాడు. మా సంస్థానంలో ఊరూరూ తిరిగి, ఇక్కడి అడవి పల్లెల్లో మాట్లాడే దోర్లీ భాష మాటలు రాసుకునే మనిషి; ఎవరు నోరు తెరిచినా చిన్న అద్దం పట్టి లోపలికి చూసేవాడు. దోర్లీలో గొంతు టక్కున బిగబట్టడం కూడా ఒక అక్షరంతో సమానమట. మనం దాన్ని "ఉఁహుఁ" అనడానికి వాడి పారేస్తాం. తాతను బండెక్కిస్తుంటే ఆ "చ్చ్" విని పంతులు కలం ఆపాడు.

"ఆఫ్రికా దక్షిణాన కొన్ని భాషల్ల ఇది అక్షరమయ్యా. మాట నడుమ వస్తది. మనకే ఉత్త చప్పుడు."

నేను నవ్వులాటకే అడిగాను. "తాతా, ఔనంటే రెండుసార్లు, కాదంటే ఒక్కసారి. భద్రాచలం పోతవా?"

"చ్చ్."

"ఈడనే ఉంటవా?"

"చ్చ్, చ్చ్."

చిన్నాయన చేతిలోంచి పగ్గం జారింది. చిన్నమ్మ గుమ్మం పట్టుకుంది. "ఏందీ... ఏడాదిసంది నేనన్నయన్నీ ఇన్నవా మామా?"

"చ్చ్, చ్చ్."

ఆశ్చర్యపోనివి ఎడ్లే. బండి తోలేవాళ్ల నోట ఆ చప్పుడును అవి ఎప్పుడూ మాటగానే విన్నాయి. వాటిని విప్పేసి, తాతను మళ్లీ మంచం చేర్చాం. ఆ తర్వాత ఇంట్లో ఏ సంగతైనా ఆ మంచాన్ని అడగకుండా జరగలేదు. ఉప్పు సరిపోయిందా అని చిన్నమ్మ అడిగితే మాత్రం పదిసార్లలో తొమ్మిదిసార్లు ఒక్క చప్పుడే.

రెండేళ్లు అలా గడిచాక, మొన్న ఎండలు ముదరక ముందే పోయాడు. పోగొట్టుకున్న ఆ ఏడాదిని తర్వాతి రెండేళ్లలో పూడ్చుకున్నామని చిన్నాయన అంటుంటాడు. తాత ఉండి వింటే, ఒక్కసారే "చ్చ్" అనేవాడు.