వరక్ దరువు

ఎవరో అమ్మాయి తన గదిలో కూర్చుని చేసిన ఆల్బం అది. ఎక్కడా వినని చప్పుళ్లతో పాటలు అల్లింది. నెల రోజులుగా అదే నా లోకం. సైదాబాద్ బస్సులో నాలుగో పాటకు నా కళ్లు తడవడం చూసి, పక్కసీటు పెద్దాయన "ఏం పాట బేటా?" అన్నాడు. ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను.

ఆయన వేళ్లు మోకాలి మీద ఆ దరువు అందుకున్నాయి.

"గిది వరక్ కొట్టే సుత్తి చప్పుడు. మిఠాయి మీద వెండిరేకు ఉంటది గదా, అది. నలభై ఏండ్లు కొట్టిన."

"ఇప్పుడు కొట్టడం లేదా?"

"లొల్లి అయితుందని గల్లీవాళ్లు దరఖాస్తు పెట్టిన్రు. దుకాణం బంద్ అయింది."

మా గల్లీలో వరక్ దుకాణం మీద అలాంటి దరఖాస్తు రాసింది నేనే. ఆ చప్పుడే పాటలో వింటున్నానని నెల రోజులుగా గుర్తుపట్టలేదు. మీది ఏ గల్లీ అని అడగడానికి నోరు రాలేదు.

"ఎవరో మస్తు కొట్టిండు. మల్ల పెట్టు బేటా," అన్నాడాయన.

పెట్టాను, ముఖం కిటికీ వైపు తిప్పుకుని.